నీ మంచికే దాచినం

మన ఊళ్లలో ఒక అలవాటు ఉంది. దూరదేశంలో ఉన్న మనిషి ఫోన్ చేస్తే "అందరం మంచిగున్నం" అంటాం. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా, బోరు ఎండిపోయినా, ఇంటి కప్పు కురుస్తున్నా, ఫోన్ మోగగానే గొంతు సవరించుకుని ఆ ఒక్క మాట చెప్పేస్తాం. అవతలి మనిషి కూడా అదే మాట అంటారు. ఫోన్లు పెట్టేశాక ఇటు వీళ్లు, అటు వాళ్లు కళ్లు తుడుచుకుంటారు. దీనికి మనం ప్రేమ అని పేరు పెట్టుకున్నాం. ఆ ప్రేమ కట్టంగూరులో ఒక ఇంట్లో ఏం చేసిందో చెబుతాను. ఆ పేరు దానికి తగునో లేదో మీరే తేల్చండి.

సుహాసిని లెక్కల టీచరు. మాల్దీవుల్లోని ఒక చిన్న దీవిలో, సముద్రం ఒడ్డునున్న బడిలో పాఠాలు చెబుతుంది. పొద్దున్నే చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, ఒక చేత్తో ఫోన్ తీసి, కట్టంగూరులో ఉన్న అక్క మంజులతకు మెసేజ్ పెడుతుంది.

"తిన్నవా అక్కా?"

కాసేపటికి జవాబు వస్తుంది. "తిన్న చెల్లె. నువ్వు తిన్నవా? పైలం."

తిన్నానని, జాగ్రత్తని చెప్పే ఆ రెండు ముక్కలు చదువుకుంటే గానీ ఆమెకు బడిలోకి అడుగు పడదు. ఎందుకంటే మంజులత ఆమెకు పేరుకే అక్క. తల్లి చిన్నప్పుడే పోతే, అన్నం కలిపి తినిపించి, జడలు వేసి, బీఈడీ దాకా చదివించింది ఆ అక్కే. ఇప్పుడు సుహాసిని కూతురు మనీష పెరుగుతున్నది కూడా ఆ అక్క ఇంట్లోనే. మంజులతకు పిల్లలు లేరు. చెల్లెలు విమానమెక్కిన నాడు పిల్ల చెయ్యి పట్టుకుని, "నీ బిడ్డ అనుకోకు, నా బిడ్డను నా దగ్గర ఇడిసిపెట్టి పోతున్నవ్. నీకేం ఫికర్?" అంది.

సుహాసిని అంతదూరం సరదాకు పోలేదు. నకిరేకల్‌లో ఒక ప్రైవేటు బడిలో ఏళ్ల తరబడి పనిచేసింది. కరోనా వచ్చింది, బడి మూశారు. యాజమాన్యం ఫోన్ ఎత్తడం మానేసింది. బోర్డు మీద త్రికోణాలు గీసిన చేత్తోనే ఆమె బత్తాయి మండీలో కాయలు ఏరింది. ఒకనాడు తన దగ్గర చదువుకున్న పిల్లాడి తండ్రి కాయలు కొనడానికి వచ్చి, "మేడం, మీరా!" అని నోరు తెరిస్తే, ముఖాన కొంగు కప్పుకుంది. చదువు చెప్పేవాళ్లను అంత సులువుగా రోడ్డు మీదికి తోసిన సమాజం, వాళ్లు దేశం దాటిపోతే మాత్రం "ఫారిన్ టీచర్" అని గొప్పగా చెప్పుకుంటుంది. ఆమె భర్త సతీశ్ నకిరేకల్‌లో ఎరువుల దుకాణంలో పనిచేస్తాడు. చెడ్డవాడు కాడు. భార్యకు ఉద్యోగం వచ్చిందని ఊరంతా స్వీట్లు పంచినవాడు.

మెట్ట పొలాల మధ్య పుట్టిన మనిషికి నాలుగు వైపులా నీళ్లే కనబడితే ఎలా ఉంటుంది? మొదట్లో సుహాసినికి రాత్రింబవళ్లు చెవుల్లో అలల హోరే. ఉప్పు నీళ్ల స్నానానికి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. ఎటు పోయినా చేపల వాసన. జొన్న రొట్టె లేదు, చింతపండు పులుసు లేదు. ఆదివారం బడి, శుక్రవారం సెలవు. పిల్లలు మాత్రం మంచివాళ్లు. "మిస్, మిస్" అంటూ వెంటబడతారు. వాళ్లకు భిన్నాలు చెబుతూ ఉంటే ఆమెకు ఒక్కోసారి, తన బిడ్డకు ఇప్పుడు భిన్నాలు ఎవరు చెబుతున్నారో అనిపించి మాట ఆగిపోయేది. వెంటనే బోర్డు వైపు తిరిగి ఏదో రాసేది.

ఈ సంగతులేవీ ఆమె సతీశ్‌కు చెప్పలేదు. మనీషకు అసలే చెప్పలేదు. వీడియో కాల్‌లో కూతురికి నీలం సముద్రం చూపించి, "చూడు, అమ్మ ఎంత మంచి జాగల ఉందో!" అని నవ్వేది. ఏడుపు మొత్తం అక్కకే. "అక్కా, నాలుగు రోజుల సంది జ్వరం. లేవబుద్ధి అయితలేదు. మనీషకు చెప్పకు" అని రాసేది. మంజులత గొంతుతో మెసేజ్ పంపేది. "ఎందుకు చెప్త? నువ్వు గోలీ ఏసుకొని పండుకో. నేను లేనా?" ఆ గొంతు వింటే సగం జ్వరం దిగేది.

వానలు ముదిరాక ఆ గొంతు ఆగిపోయింది.

సతీశ్ ఫోన్ చేసి చెప్పాడు. "వదినెకు గొంతుల చిన్న గడ్డ లేసింది. హైదరాబాదుల ఆపరేషన్ చేపిచ్చినం. పెద్దదేం కాదు. కాకపోతే కొన్ని నెలలు మాట్లాడొద్దన్నడు డాక్టరు. మెసేజ్ పెడితే రాస్తది."

సుహాసిని గాబరాపడింది. వస్తానంది. "నువ్వొచ్చి ఏం జేస్తవ్? ఏడాది నడుమల వస్తే నౌకరి ఉంటదా? మళ్ల ఆ మండీకే పోతవా?" అన్నాడు సతీశ్. ఆమె ఆగిపోయింది. ఆ రోజు నుంచి అక్క రాతలోనే పలికింది. వీడియోలో చూస్తానంటే, గొంతుకు కట్టుందని, పండుకుందని సతీశ్ దాటేసేవాడు. తిన్న చెల్లె, మంచిగున్న చెల్లె, పైలం. మొదటి రోజు మెసేజ్ కొంచెం ముక్తసరిగా ఉన్నా తర్వాత తర్వాత అక్క అక్కలాగే రాసింది. ఒకనాడు సుహాసిని, "ఇయ్యాల బాగ ఏడ్పొచ్చింది అక్కా. పిల్లను చూడాలనిపిస్తాంది. దానికి చెప్పకు" అని రాస్తే, చాలాసేపటికి జవాబు వచ్చింది. "చెప్పను చెల్లె. నువ్వు ఏడ్వకు. నువ్వు ఏడిస్తే నాకు కూడ ఏడ్పొస్తది."

మనీష మాత్రం మారింది. వీడియోలో ముఖం చూపించేది కాదు. "హోంవర్క్ ఉంది" అని లేచిపోయేది. పిల్ల తనకు దూరమవుతోందని సుహాసిని మనసు కలుక్కుమంది. నేను తెచ్చుకున్నదే కదా అని సర్దిచెప్పుకుంది.

బతుకమ్మ పండుగ వచ్చింది. ప్రతి ఏడూ చివరి రోజు, సద్దుల నాడు సుహాసిని ఫోన్‌లోనే పండుగ చూసేది. మంజులత గునుగు, తంగేడు, బంతి వరుసలు పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి, వాడలో అందరికంటే ఎత్తుగా బతుకమ్మను నిలబెట్టేది. ఈ ఏడు సుహాసిని ముందే భర్తకు చెప్పింది. "అక్క మాట్లాడకున్నా మంచిదే. ఆమెను ఒక్కసారి కండ్లతోని చూడాలె. ఆడేకాడ చూపియ్యిండ్రి."

సద్దుల సాయంత్రం బడి నుంచి వచ్చి, తల స్నానం చేసి, ట్రంకు పెట్టెలో దాచుకున్న పట్టుచీర కట్టుకుని ఫోన్ ముందు కూర్చుంది. సతీశ్ ఫోన్ చేశాడు. తెర మీద కట్టంగూరు బడి గ్రౌండ్. మధ్యలో బతుకమ్మలు, చుట్టూ ఆడవాళ్లు, చప్పట్లు, పాట.

"ఇగో, గీ పెద్దదే మనది" అన్నాడు సతీశ్. "వదినె ఇంట్ల కూసోనే పేర్చింది. దుమ్ము పడదని ఆమె రాలే. పండుకుంది."

నిజానికి అది పక్కింటి గోపమ్మ పేర్చిన బతుకమ్మ. దూరం నుంచి పూలు పూలలాగే కనబడ్డాయి. సుహాసిని నమ్మింది, కళ్లనీళ్లు పెట్టుకుని దండం కూడా పెట్టింది. ఆ తర్వాత మనీష కోసం వెతికింది. ఆ పిల్ల వరుసలో లేదు. నడక వచ్చిన నాటి నుంచి పెద్దమ్మ కొంగు పట్టుకుని, కాళ్లు నొప్పులు పుట్టేదాకా ఆడే పిల్ల, బడి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఒంటి మీద రోజూ వేసుకునే గౌనే.

"పో బిడ్డా, అమ్మ చూస్తాంది. ఒక్క చుట్టు తిరిగి రా" అని సతీశ్ గొంతు వినిపించింది.

మనీష తల అడ్డంగా ఊపింది.

వరుసలో తిరుగుతున్న గోపమ్మ గోడ దగ్గరికి వచ్చేసరికి, ఆడుతున్న ఊపులో, "రావే పిల్లా!" అని చెయ్యి చాచింది. మనీష రెండు చేతులూ వెనక్కి దాచుకుని గోడకు అతుక్కుపోయింది. అప్పుడు గోపమ్మకు ఏదో గుర్తుకొచ్చింది. నాలుక కరుచుకుని, చెయ్యి వెనక్కి తీసుకుని, తల వంచుకుని ముందుకు సాగిపోయింది.

సుహాసిని ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పట్టుకుంది.

చావు జరిగిన ఇంట ఆ ఏడు బతుకమ్మ ఉండదు. పేర్చరు, ఎత్తుకోరు, ఆ వరుసలో కాలు పెట్టరు. మన ఆడపిల్లకు ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఏదో ఒక ఏడు గోడ పక్కన నిలబడి నేర్చుకుంటుంది. సతీశ్ గొంతు గడ్డను ఆలోచించాడు, డాక్టరును ఆలోచించాడు, పక్కింటి బతుకమ్మను కూడా ఆలోచించాడు. ఏటా గ్రౌండ్ అంచున నిలబడి ఫోన్ చూసుకునే మగవాడు కదా, ఈ ఒక్క సంగతి అతనికి తట్టలేదు.

"మనింట్ల ఎవరు పోయిన్రు?" అంది సుహాసిని.

"పండుగ పూట ఏం మాటనే అది?"

"అక్కను చూపియ్యిండ్రి."

"పండుకుందని చెప్తి గద."

"పండుకున్న మనిషినే చూపియ్యిండ్రి."

తెర మీద నేల కనబడింది, సతీశ్ చెప్పులు కనబడ్డాయి, ఫోన్ ఆగిపోయింది. ఆమె వెంటనే అక్క భర్త సైదులు బావకు చేసింది. సైదులు ఎప్పుడూ ఎక్కువ మాట్లాడని మనిషి. ఫోన్ ఎత్తాడు. "బావా" అంది సుహాసిని. "మీ అక్క లేదు సుహాసిని" అని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

డెంగీ జ్వరం. నల్లగొండ దవాఖానకు తీసుకుపోయేసరికే ఆలస్యమైంది. దినాలు, కర్మ అన్నీ అయిపోయి కూడా వారాలు గడిచాయి. అంటే ఇన్ని వారాలూ తాను పొద్దున్నే ఎవరిని తిన్నవా అని అడిగింది? ఆమె పట్టుచీరతోనే ఇసుక బాట మీద ప్రిన్సిపాల్ ఇంటికి పరిగెత్తింది. తెల్లవెంట్రుకల ఆ దీవి మనిషి విషయమంతా విని నివ్వెరపోయాడు. ఇంత కాలం ఎందుకు చెప్పలేదని అడిగాడు. నాకే ఎవరూ చెప్పలేదు సార్ అంది. ఆయనకు అది ఎంతకీ అర్థం కాలేదు. "చావుకు సెలవు అడగడమేమిటి అమ్మా? మరునాడు పొద్దున్నే పడవలో పంపించేవాణ్ణి. నీ ఉద్యోగం ఎక్కడికీ పోయేది కాదు" అన్నాడు. ఊళ్లో ఇంతమంది భయపడి ఇంత పెద్ద అబద్ధం అల్లారు గానీ, సెలవు దొరుకుతుందా అని ఒక్కరూ ఒక్క మాట అడిగి చూడలేదు.

సుహాసిని కట్టంగూరులో దిగేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు. ఊళ్లో ప్రతి మనిషికీ తెలుసు. కూరగాయల శ్యామలమ్మకు తెలుసు, పాలు పోసే మనిషికి తెలుసు, బడి పిల్లలకు తెలుసు. తెలియనిది రక్తం పంచుకు పుట్టిన తనకొక్కదానికే. గోడ మీద అక్క ఫోటోకు వేసిన దండ అప్పటికే వాడి, ఎండి, రాలుతోంది. మొదటి దండ కూడా చూడలేదే అని ఆమె నేల మీద కూలబడింది. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్లు రెండు మాటలు రాగం తీసి, ఆగి, ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ల ఏడుపు ఎప్పుడో అయిపోయింది. ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఏడ్చింది. దుఃఖానికి తోడు దొరకకపోవడం ఎంత పెద్ద శిక్షో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

చాలాసేపటికి సతీశ్ దగ్గరికొచ్చాడు. "నీ మంచికే దాచినం. ఒక్కదానివి, అంత దూరంల... ఏమన్న అయితే?"

పక్కన కుర్చీలో కమలాకర్ సారు ఉన్నాడు. ఊరికి పెద్దమనిషి, రిటైరైన హెడ్‌మాస్టరు, సుహాసినికి పదో తరగతిలో లెక్కలు చెప్పినవాడు. "సతీశ్‌ను అనకు బిడ్డా. నేనే చెప్పొద్దన్న. వచ్చినా పోయిన మనిషి తిరిగొస్తదా? నువ్వు నిమ్మళంగ ఉండాలెనని అందరం అనుకున్నం" అన్నాడు.

సుహాసిని చూపు మూలన నిలబడ్డ మనీష మీద ఉంది. వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల తల్లి దగ్గరికి రాలేదు. చేతిలో మంజులత పాత ఫోన్ ఉంది. గట్టిగా పట్టుకుని ఉంది.

"ఆ మెసేజ్‌లు మీరేనా రాసింది?" అని భర్తను అడిగింది సుహాసిని.

మూల నుంచి మనీష అంది. "నేనే."

"నువ్వా?"

"మొదటి రోజు డాడి రాసిండు. అది పెద్దమ్మ లెక్క లేదు. నీకు ఎర్కయితదని తర్వాత నన్ను రాయమన్నడు. పెద్దమ్మ ఎట్ల మాట్లాడుతదో నాకే ఎర్క గదా."

పొద్దున్నే బడికి పోయే ముందు, చచ్చిపోయిన పెద్దమ్మ ఫోన్ తీసి, చచ్చిపోయిన పెద్దమ్మలాగా "తిన్న చెల్లె" అని తల్లికి రాసింది ఆ పిల్ల. రోజూ రాసింది. పెద్దమ్మ పోయిందని గట్టిగా ఏడవాల్సిన వయసులో పెద్దమ్మగా వేషం కట్టింది. ఆ వేషం కట్టించింది దొంగలూ దుర్మార్గులూ కాదు, ఆమె మేలు కోరే పెద్దలు.

"నువ్వు ఏడుస్తున్నవని రాసినవ్ గదా అమ్మా" అంది మనీష. "జరమొచ్చిందని రాసినవ్. దానికి చెప్పకు అన్నవ్. పాతవి గూడ అన్నీ నేనే చదివిన. నువ్వు నాకు సముద్రం చూపిచ్చి నవ్వినప్పుడు, నువ్వు అబద్ధం నవ్వుతున్నవని నాకెరికే. అందుకే నీ మొకం చూడలే."

అప్పటిదాకా సుహాసిని కోపమంతా సతీశ్ మీద, సారు మీద, ఊరి మీద. తానూ ఆ ఊరి మనిషేనని, అదే విత్తనం తన చేత్తోనూ చల్లిందని అప్పుడు తెలిసింది.

"నాకు గూడ ఏడ్పొచ్చింది" అంది పిల్ల. "పెద్దమ్మ లేదు. నీకు చెప్పొద్దన్నరు. ఎవరికి చెప్పాలె?"

సుహాసిని చేతులు చాచింది. గోపమ్మ చెయ్యి చాచిన నాటిలాగే మనీష గోడకు ఆనుకుపోయింది. ఆ చేతులు చాలాసేపు గాలిలోనే ఉండిపోయాయి. సైదులు వచ్చి పిల్లను ఎత్తుకుని బయటికి తీసుకుపోయాడు.

అప్పుడు సుహాసిని కమలాకర్ సారు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "సార్, మీ దగ్గర లెక్క చేసేటప్పుడు నడుమ ఒక్క మెట్టు దాస్తే, జవాబు కరెక్టయినా కొట్టేసేటోళ్లు. యాదికున్నదా? మీరు నాకు మా అక్క చావును దాచిన్రు. ఆమె మొకం చూసుకునే పాలు, ఆమె మీద ఇంత మన్ను పోసే పాలు, నా బిడ్డను ఒళ్లె కూసోబెట్టుకొని ఏడ్చే పాలు, అన్నీ గుంజుకున్నరు. నేను నౌకరి కోసం పోయిన. ఇంట్ల మనిషినని పేరు కొట్టేసుకొని పోలే. నేను నిమ్మళంగ ఉండాలెనని మీరంత నిమ్మళమైన్రు. ఆ బరువు తీస్కపోయి ఎవరి నెత్తిన పెట్టిన్రో జర చూడుండ్రి. పదేండ్లు నిండని పిల్ల నెత్తిన పెట్టిన్రు."

కమలాకర్ సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎన్నో పంచాయితీలు తెంపిన ఆ మనిషి లేచి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఇక్కడ తల్లీకూతుళ్లు కౌగిలించుకుని కథ సుఖంగా ముగిసిందని రాస్తే పాఠకులు హాయిగా పేజీ తిప్పుతారు. అలా జరగలేదు. ఇంటి దగ్గర బడులేవీ సుహాసినిని రమ్మనలేదు. సెలవు అయిపోయింది. పిల్లను వెంట తీసుకుపోతానంటే, "పెద్దబాపు ఒక్కడైతడు, నేను ఆయన దగ్గరనే ఉంట" అని మనీష సైదులు వేలు వదల్లేదు. సుహాసిని మళ్లీ విమానమెక్కింది. పోయే ముందు కూతురి ముందు కూర్చుని, ఇకమీద జ్వరమొచ్చినా, ఏడుపొచ్చినా నీకే చెబుతానని మాట ఇచ్చింది. నువ్వూ చెప్పాలని అడిగింది. పిల్ల తల ఊపింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆమె ఫోన్ చేస్తుంది. సముద్రం చూపించదు. ఈ రోజు తలనొప్పిగా ఉందని, నువ్వు గుర్తొచ్చి పాఠం మధ్యలో ఆగిపోయానని దాచకుండా చెబుతుంది. తర్వాత అడుగుతుంది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న అమ్మా. మంచిగున్న. నువ్వు పైలం."

అచ్చం మంజులత మాటే. అదే తీరు. సుహాసిని తెర మీది ముఖాన్ని ఎంతసేపు చూసినా, ఆ పిల్ల నిజంగా తిన్నదో లేదో, మంచిగున్నదో లేదో తెలుసుకోలేకపోతుంది. దూరాన ఉన్న మనిషికి దుఃఖంలో వాటా ఇవ్వని ఇంట్లో, ఆ తర్వాత చెప్పే సంతోషం కూడా ఎవరూ నమ్మలేరు.